హిందీ సినిమాలో కరెంటు షాక్ సీను: తెర మీద ఏం జరుగుతుంది, గదిలో ఏం జరుగుతుంది

#1 కొత్తకలం

హిందీ సినిమాలో పిచ్చాసుపత్రి అనగానే కొన్ని వస్తువులు ఖాయంగా కనిపిస్తాయి. ఇనప మంచం, కాళ్లకీ చేతులకీ తోలు పట్టీలు, కణతల మీద రెండు ప్లేట్లు, డాక్టర్ చేతికింద గిర్రున తిరిగే నాబు. ఆ వెంటనే కేక. 1967 నాటి 'జ్యువెల్ థీఫ్'లో హీరోని వేరే మనిషిగా మార్చడానికి విలన్లు షాక్ ఇప్పిస్తారు. 'పగ్లా కహీఁ కా' (1970) దాకా వచ్చేసరికి అదే షాక్ ఆసుపత్రిలో వైద్యంగా కనిపిస్తుంది, కానీ చూపించే తీరు దాదాపు అదే.

ఒక కథలో ఈసీటీ (మెదడుకి కరెంటు ఇచ్చి ఫిట్ తెప్పించే చికిత్స, జనం షాక్ అనేది) సన్నివేశం రాయాలి. తీవ్రమైన డిప్రెషన్‌తో తిండి మానేసిన నడివయసు స్త్రీ. గదిలో వరసగా ఏం జరుగుతుంది? పాత సినిమాల్లో ఉన్నదంతా అబద్ధమేనా? చట్టం ఏమంటుంది? తెలిసినవాళ్లు విడమరచి చెప్పండి.

#2 శారద_వార్డు

మీరు ఎంచుకున్న కేసు సరిగ్గా ఈసీటీకి తగినదే. తిండీ నీళ్లూ మానేసిన డిప్రెషన్, ఆత్మహత్య ఆలోచనలు బలంగా ఉన్న డిప్రెషన్, మనిషి బొమ్మలా బిగుసుకుపోయే కెటటోనియా, వీటిలో మందులు పనిచేసేదాకా ఆగే వ్యవధి ఉండదు. అలాంటప్పుడే దీన్ని ముందుకు తెస్తారు. సినిమాల్లో మాత్రం అల్లరి చేసేవాడికి, ఎదురు తిరిగినవాడికి, నిజం చెప్పేవాడికి షాక్ ఇస్తారు. మొదటి తప్పు అక్కడే ఉంది. అసలు ఎవరికి ఇస్తారన్నదే తలకిందులైంది.

ఇక గది సంగతి. ఇది ముందురోజే మొదలవుతుంది. తలస్నానం చేయించాలి, తలకు నూనె పెట్టకూడదు. మన ఇళ్లలో ఎక్కువమంది మర్చిపోయేది ఇదే. నూనె ఉంటే ఎలక్ట్రోడుకీ చర్మానికీ మధ్య కరెంటు సరిగా పోదు, చర్మం కమిలే ప్రమాదం కూడా ఉంది. ఘనాహారం కనీసం ఆరు గంటల ముందు ఆపేస్తారు. పొద్దున్నే బాత్రూముకి పంపుతారు. కట్టుడు పళ్లు, కళ్లజోడు, నగలు, జడపిన్నులు తీయిస్తారు. ఊగే పళ్లున్నాయేమో చూస్తారు.

బల్ల మీద పడుకోబెట్టాక చేతికి సూది, వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు, ఛాతీకి ఈసీజీ తీగలు, నుదుటికి మెదడు తరంగాలు చూసే ఈఈజీ తీగలు పెడతారు. ఒక బీపీ పట్టీ మాత్రం కాలి చీలమండకి పైన కడతారు. అదెందుకో మత్తుసూది గారు చెబితే బాగుంటుంది. మత్తు ఎక్కి, కండరాలు సడలాక, జెల్ రాసిన ఎలక్ట్రోడులు పెడతారు. రెండు కణతల మీదా పెట్టొచ్చు, లేదా ఒకటి కుడి కణత మీద, ఇంకొకటి నడినెత్తికి కాస్త కుడిగా. రెండో పద్ధతిలో జ్ఞాపకశక్తి మీద దెబ్బ తక్కువ.

కరెంటు సుమారు 0.8 నుంచి 0.9 ఆంపియర్లు. అదీ ధారగా కాదు, సెకనులో వెయ్యో వంతు, అంతకన్నా చిన్న చిన్న పల్సులుగా, మొత్తం కొన్ని సెకన్లు. లెక్క వోల్టుల్లో కాదు, మొత్తం ఎంత కరెంటు పోయిందో చెప్పే మిల్లీకూలంబుల్లో. మొదటి రోజు తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, ఎంత దగ్గర ఫిట్ వస్తుందో చూసుకుని, దాన్నిబట్టి తర్వాతి మోతాదు కడతారు. నాబు చివరిదాకా తిప్పేసే డాక్టర్ సినిమాలోనే ఉంటాడు.

#3 మత్తుసూది

శారద గారు, ఆ చీలమండ పట్టీ విషయం. కండరాలు సడలించే మందు, సక్సినిల్‌కోలిన్, ఇచ్చే ముందే ఆ పట్టీలో గాలి ఎక్కించి బిగిస్తాం. రక్తం వెళ్లదు కాబట్టి ఆ పాదానికి మందు చేరదు. ఫిట్ వచ్చినప్పుడు ఒళ్లంతా దాదాపు కదలకుండా ఉంటుంది, ఆ ఒక్క పాదం మాత్రం లయగా ఊగుతుంది. గడియారం పట్టుకుని దాన్నే లెక్కపెడతారు. ఇరవై సెకన్లు దాటితే సాధారణంగా సరిపోయినట్టు. రెండు నిమిషాలు దాటితే ఆగదు అనుకుని మందుతో ఆపాలి.

మోతాదులు: మత్తుకి థయోపెంటోన్ కిలోకి 3 నుంచి 5 మి.గ్రా., లేదా ప్రోపోఫాల్ కిలోకి 1 మి.గ్రా. దరిదాపుల్లో. ప్రోపోఫాల్‌తో తెలివి సాఫీగా వస్తుంది, కానీ ఫిట్ పొట్టిదవుతుంది. మత్తు ఎక్కువైనా అంతే, ఫిట్ రాదు. మత్తు తక్కువైతే కండరాలు చచ్చుబడి మెలకువ ఉండిపోయే ఘోరం జరుగుతుంది. సక్సినిల్‌కోలిన్ కిలోకి 0.5 నుంచి 1 మి.గ్రా. అది ఎక్కేటప్పుడు చర్మం కింద సన్నగా కండరాలు అదురుతాయి, మొహం నుంచి మొదలై కాలివేళ్ల దాకా దిగుతుంది. అది ఆగేదాకా బటన్ నొక్కకూడదు. తొందరపడితే వెన్నుపూసకి దెబ్బ. ఆక్సిజన్ మాస్కు మొదటి నుంచీ చివరిదాకా.

నోట్లో పెట్టే రబ్బరు దిమ్మ గురించి సినిమావాళ్లకి సగమే తెలుసు. కండరాలు సడలినా దవడ బిగుసుకుంటుంది, ఎందుకంటే కణతల దగ్గరి కండరాలకి కరెంటు నేరుగా తగులుతుంది. అందుకే దిమ్మ తప్పనిసరి. పెట్టాక గడ్డం పట్టుకుని నోరు మూసి ఉంచాలి. లేకపోతే నాలుక తెగుతుంది.

కేక ఉండదు. కళ్లు తెరిచేసరికి అయిదు పది నిమిషాలు. కొందరు లేవగానే గాబరాగా మంచం దిగబోతారు. అప్పుడు గట్టిగా పట్టుకోవడం కాదు, పేరు పెట్టి పిలిచి, ఎక్కడున్నారో చెబుతూ పక్కన నిలబడే నర్సు కావాలి. ఏ హిందీ సినిమా కూడా ఈ అరగంటని చూపించినట్టు గుర్తులేదు.

#4 రీలుపెట్టె

ఇదంతా చదివి పాత దర్శకులు గాలిలో రాసుకున్నారని తీర్పు చెప్పొద్దు. రోమ్‌లో చెర్లెట్టి, బినీ మొదటిసారి ఈసీటీ చేసింది 1938లో. సక్సినిల్‌కోలిన్ వాడకంలోకి వచ్చింది 1950ల మొదట్లో. మన దేశంలో మత్తు డాక్టర్ దొరకని చోట మత్తు లేకుండానే షాక్ ఇవ్వడం ఆ తర్వాత చాలా దశాబ్దాలు సాగింది. దాన్ని డైరెక్ట్ ఈసీటీ అనేవారు. 1970లో సినిమా తీసినవాడు నలుగురు వార్డుబాయ్‌లు పట్టుకోగా కొట్టుకునే మనిషిని చూపిస్తే, అది ఆనాటి చాలా వార్డుల్లో జరిగినదే.

దర్శకుడి తప్పు వేరే చోట ఉంది. డైరెక్ట్ ఈసీటీలో కూడా కరెంటు తగిలిన క్షణంలోనే స్పృహ పోతుంది. ఛాతీ బిగుసుకుని గాలి బయటికి తోసుకొస్తుంది కాబట్టి ఒక్కసారి మూలుగులాంటి శబ్దం రావచ్చు. నిమిషం పాటు కళ్లు పెద్దవి చేసి 'వద్దు, వద్దు' అని అరవడం మాత్రం శరీరధర్మానికే కుదరదు. ఆ అరుపు హింస సీన్లలోంచి తెచ్చుకున్నది. 'జ్యువెల్ థీఫ్' దాన్ని హింసగానే చూపించింది కాబట్టి ఆ సినిమా మీద నాకు కోపం లేదు. అదే దృశ్యాన్ని ఎత్తుకెళ్లి ఆసుపత్రిలో పెట్టి వైద్యమన్నవాళ్ల మీద ఉంది.

#5 శారద_వార్డు

రీలుపెట్టె గారి మాట ఒప్పుకుంటాను. ఒకటే చేరుస్తాను: ఒక్క షాక్‌తో మనిషి మారిపోడు. వారానికి రెండు మూడు, మొత్తం ఆరు నుంచి పన్నెండు. సినిమాలో ఒకే షాక్, ఆ వెంటనే శూన్యంలోకి చూసే కళ్లు. నిజానికి మూడో నాలుగో సిట్టింగ్ తర్వాత పేషెంట్ కాస్త జావ అడుగుతుంది, దుప్పటి సర్దుకుంటుంది. మార్పు అలా మొదలవుతుంది.

జ్ఞాపకాల సంగతి దాచకూడదు. చికిత్స సాగిన వారాలు, దానికి ముందు కొన్ని వారాలు నెలలు చెదిరిపోవచ్చు. కొందరికి కొన్ని ఎప్పటికీ తిరిగి రావు. తలనొప్పి, ఒళ్లునొప్పులు మామూలే. కానీ తన పేరు, పెళ్లి, పిల్లలు మొత్తం తుడిచిపెట్టుకుపోయి కొత్త మనిషి పుట్టడం మాత్రం జరగదు.

#6 పాతపాటల_పద్మ

షాక్ ఒక వైపు, ప్రేమ ఇంకో వైపు. హిందీ సినిమా ఈ రెండిటినే వైద్యంగా నమ్మింది. ప్రేమ వైపు గొప్ప ఉదాహరణ 'ఖామోషీ'. బెంగాలీలో అసిత్ సేన్ 1959లో సుచిత్రా సేన్‌తో తీసిన 'దీప్ జ్వేలే జాయ్'ని ఆయనే వహీదా రెహమాన్‌తో మళ్లీ తీశారు. మధ్యలో 1960లో మన సావిత్రి 'చివరకు మిగిలేది'లో అదే నర్సు పాత్ర వేసింది. ప్రేమలో దెబ్బతిన్న రోగికి నర్సు ప్రేమ నటించి నయం చేయాలి. ఒకసారి చేసి లోపల నలిగిపోయిన మనిషిని రెండో రోగి దగ్గరికి పంపుతారు. చివరికి ఆమే అదే వార్డులో రోగి అవుతుంది.

చాలామంది దీన్ని 'సెంటిమెంటుతో వైద్యం' అని తీసిపారేస్తారు. సినిమా అలా చెప్పడం లేదు. ఆ ప్రయోగం ఎవరిని బలితీసుకుందో చూపించడానికే ఆ చివరి తలుపు మూసింది. పెద్ద డాక్టర్ అహంకారం మీద అంత సూటిగా వేలు పెట్టిన సినిమా ఆ రోజుల్లో ఇంకోటి నాకు కనబడలేదు.

#7 శారద_వార్డు

పద్మగారూ, చాలా సరైన చదువు. దీనికి వైద్యంలో పేరు కూడా ఉంది. రోగి తన పాత అనుబంధాన్ని వైద్యుడి మీదికి మళ్లించుకోవడం ట్రాన్స్‌ఫరెన్స్. వైద్యుడి మనసు అటు మళ్లడం కౌంటర్ ట్రాన్స్‌ఫరెన్స్. మొదటిది మామూలుగా వచ్చేదే, దాన్ని మాటల్లో పెట్టి పనికి వాడుకుంటారు. రెండోది వస్తే సీనియర్‌తో చర్చించాలి, అవసరమైతే కేసు మార్చాలి. 'ఖామోషీ'లో నర్సుకి ఆ రెండు దారులూ మూసేశారు. జబ్బుపడింది అందుకే.

'డియర్ జిందగీ' (2016)ని ఈ వెలుగులో చూడండి. బీచ్‌లో నడక, సైకిల్ సవారీ లాంటివి థెరపిస్టులు మామూలుగా చేయరు. కానీ ఆఖరి సిట్టింగ్‌లో ఆ అమ్మాయి బయట కలుద్దామన్నప్పుడు డాక్టర్ నొప్పించకుండా కాదంటాడు. హిందీ తెర మీద వైద్యుడు గీత దాటకుండా నిలబడిన అరుదైన చోటు అది. అయితే ఆ సినిమా చూసి 'డాక్టర్ దగ్గరికెళ్తే మాట్లాడితే చాలు, మందులు వద్దు' అనుకునేవాళ్లకి ఒక మాట: అది అందరికీ వర్తించదు. స్కిజోఫ్రేనియాకి, బైపోలార్‌కి మందు లేకుండా మాటలతోనే నెట్టుకొస్తే జబ్బు తిరగబెడుతుంది.

#8 రీలుపెట్టె

'ఖిలోనా' (1970) కూడా ఇక్కడికే వస్తుంది. మన 'పునర్జన్మ' (1963) కథే, ఎల్.వి. ప్రసాద్ గారి సంస్థ హిందీలో తీసింది. పిచ్చివాడైన కొడుకుని బాగుచేయడానికి ఇంటివాళ్లు ఒక నాట్యగత్తెని భార్యగా నటించమని తెస్తారు. మతి లేని స్థితిలో అతను ఆమెని బలాత్కరిస్తాడు. మతి రాగానే ఆమె ఎవరో గుర్తుండదు. ముంతాజ్‌కి ఫిల్మ్‌ఫేర్ ఉత్తమ నటి పురస్కారం వచ్చింది, నటన ఆ స్థాయిదే. కానీ ఆ ఇంట్లో భద్రత లేనిది ఎవరికి? రోగికి కాదు, అతనికి మందుగా తెచ్చిన ఆడమనిషికి. సినిమా దాన్ని త్యాగం అంటుంది, నాకు మాత్రం ఇప్పటికీ మింగుడుపడదు.

ఇంకోటి. 'బాగైపోగానే మధ్యలో జరిగిందంతా మర్చిపోవడం'. 'సద్మా' (1983) చివర స్టేషన్‌లో శ్రీదేవికి కమల్ హాసన్ గుర్తుండడు. దెబ్బకి మతి పోవడం, ఇంకో దెబ్బకో మూలికకో తిరిగి రావడం. తలకి దెబ్బ తగిలితే నిజంగా జరిగేది వేరు. దెబ్బకి ముందు కొద్దికాలం, తర్వాత కొన్ని రోజులు వారాలు పోతాయి. పాత జ్ఞాపకాలు గట్టిగా నిలుస్తాయి, కొత్తవి రాలిపోతాయి. చిన్నప్పటి పాట గుర్తుండి పొద్దున తిన్నది గుర్తుండదు. ఆ లెక్కన 'గజిని' (2008) అసలు జబ్బుకి కాస్త దగ్గరగా ఉంది, కొత్త జ్ఞాపకం నిలవకపోవడం అనేంత వరకు.

#9 పీనల్‌కోడ్

చట్టం వైపు. 'దామిని' (1993)లో సాక్షిని నోరు మూయించడానికి మతిస్థిమితం లేదని వాదించి కోర్టు ఆదేశంతో పిచ్చాసుపత్రికి పంపుతారు. 1912 నాటి లూనసీ చట్టం స్థానంలో వచ్చిన 1987 మానసిక ఆరోగ్య చట్టం అమల్లోకి వచ్చింది సరిగ్గా ఆ 1993 ఏప్రిల్‌లోనే. ఇప్పుడున్నది 2017 చట్టం, 2018 మే 29 నుంచి అమలు. దాని ప్రకారం ఆ సీను ఎక్కడెక్కడ కూలిపోతుందో చూడండి.

మెజిస్ట్రేట్ పరీక్ష కోసం పంపగలిగేది గరిష్ఠంగా పది రోజులు. రోగి ఇష్టం లేకుండా చేర్చుకోవాలంటే 89వ సెక్షన్: ఒక సైకియాట్రిస్టు, ఇంకో డాక్టరో మానసిక ఆరోగ్య నిపుణుడో విడివిడిగా పరీక్షించి ఒకే మాట మీదికి రావాలి. గడువు ముప్పై రోజులు. చేరింది స్త్రీ గానీ మైనర్ గానీ అయితే మూడు రోజుల్లో రివ్యూ బోర్డుకి (ఇలాంటి నిర్ణయాలని సమీక్షించడానికి ఆ చట్టం పెట్టిన మండలి) తెలియజేయాలి, ఇతరులైతే ఏడు రోజుల్లో. దాని మీద బోర్డుకి వెళ్లే హక్కు రోగికి, ఆమె నామినేటెడ్ ప్రతినిధికి (రోగి తరఫున మాట్లాడే మనిషి) ఉంది.

గుండు గీయడం, చారల చొక్కా తొడిగించడం కూడా 20వ సెక్షన్ కింద కుదరదు. బలవంతంగా తల గొరగకూడదు, సొంత బట్టలు వేసుకుంటానంటే వద్దనకూడదు. కాస్ట్యూమ్ వాళ్లకి ఈ ఒక్క వాక్యం పంపినా సగం సినిమాల రూపం మారుతుంది.

ఈసీటీ: 95వ సెక్షన్ ప్రకారం మత్తు, కండరాల సడలింపు లేకుండా చేయడం నిషేధం. మైనర్లకి నిషేధం, తప్పదని సైకియాట్రిస్టు అంటే సంరక్షకుడి సమ్మతి, బోర్డు ముందస్తు అనుమతి కావాలి. గొలుసులతో కట్టడం ఏ రూపంలోనైనా నిషేధం. 94వ సెక్షన్ కింద అత్యవసర వైద్యం 72 గంటల దాకా చేయొచ్చు, కానీ అందులో ఈసీటీ వాడకూడదు. అంటే పరుగెత్తుకొచ్చిన రోగికి అప్పటికప్పుడు షాక్ ఇచ్చే సీను ఈ కాలపు కథలో నేరమే. 'క్యోం కీ' (2005)లో చూపించినట్టు మెదడు మీద కోతకి రోగి సమ్మతి ఉండాలి, దాంతోపాటు బోర్డు అనుమతి కూడా.

#10 నిశాచరి

'తేరే నామ్' (2003) ఎవరూ ఎత్తలేదు. తమిళ 'సేతు' కథే అది, తెలుగులో 'శేషు' (2002)గా వచ్చింది. తలకి దెబ్బ తగిలిన హీరోని ఆశ్రమంలో గొలుసులతో కట్టి ఉంచుతారు. ఆ గొలుసులు కల్పన కాదు. 2001 ఆగస్టు 6న తమిళనాడు రామనాథపురం జిల్లా ఎర్వాడిలో, దర్గా చుట్టుపక్కల నడుస్తున్న ఒక ఆశ్రయంలో మంటలంటుకున్నాయి. గొలుసులతో కట్టి ఉన్నవాళ్లు కదల్లేక 28 మంది చనిపోయారు. సుప్రీంకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది. రెండేళ్లకి వచ్చిన హిందీ సినిమా ఆ గొలుసుల్ని ప్రేమికుడి బాధకి అలంకారంగా వాడుకుంది. పక్కన కట్టేసి ఉన్నవాళ్లు ఎవరు, ఎవరు తెచ్చి వదిలారు, ఒక్కరి పేరైనా మనకి తెలియదు.

#11 పాతపాటల_పద్మ

నిశాచరి గారి మాటకి కొనసాగింపుగా 'భూల్ భులయ్యా' (2007). మలయాళం 'మణిచిత్రతాళ్' దారి, మనకి 'చంద్రముఖి'గా తెలుసు. అందులో సైకియాట్రిస్టూ పూజారీ కలిసి పనిచేస్తారు. దాన్ని మూఢనమ్మకం అని కొట్టిపారేయాలా?

#12 శారద_వార్డు

కలిసి పనిచేయడం తప్పు కాదు. మన కుటుంబాల్లో చాలామంది ముందు గుడికో దర్గాకో వెళ్తారు. గుజరాత్ మెహసాణా జిల్లా ఉనావాలోని మీరా దాతార్ దర్గా దగ్గర 'దవా-దువా' పేరుతో ప్రార్థన పక్కనే మందులూ ఇస్తున్నారు. అక్కడి ముజావర్లే (దర్గా సేవకులు) రోగుల్ని డాక్టర్ దగ్గరికి పంపుతారు.

సినిమాలో నాకు నచ్చనివి వేరు. డాక్టర్ వేషం మార్చి ఇంట్లో చొరబడతాడు, రోగికి చెప్పడు, సమ్మతి లేదు. ఒక్క రాత్రి నాటకంతో జబ్బు దిగిపోతుంది. పైగా 'ఇంకొకరు ఒంట్లో దూరారు' అన్న అనుభవానికి మన దగ్గర ఎక్కువగా సరిపోయే పేరు పూనకపు డిసోషియేషన్, అంటే పూనకంలో మనిషి తన స్పృహ నుంచి విడిపోవడం. అది ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టిక ఐసీడీలో విడిగా ఉంది. దీన్ని స్కిజోఫ్రేనియాతో కలిపేసి 'రెండు మనుషులు' అనడం సినిమాలు చేసిన పెద్ద నష్టం. స్కిజోఫ్రేనియాలో మనిషి రెండుగా చీలడు. తన గురించి ఇద్దరు మాట్లాడుకుంటున్నట్టు గొంతులు వింటాడు, అందరూ తనని గమనిస్తున్నారని నమ్ముతాడు, మెల్లగా స్నానం, మాట, పని తగ్గిపోతాయి. ఆ చివరివి తెర మీద కనిపించవు, ఇంట్లోవాళ్లని ఎక్కువ అలసిపోయేలా చేసేవి అవే.

#13 మత్తుసూది

అల్లరి చేసే రోగికి వేసే సూది సీను గురించి కూడా. జబ్బలో గుచ్చగానే తల వాల్చేయడం ఉండదు. ఉద్రేకం తగ్గించే హాలోపెరిడాల్ 5-10 మి.గ్రా., దాంతో ప్రోమెథజిన్ 25-50 మి.గ్రా. కండరంలోకి ఇస్తే శాంతించడానికి పావుగంట, ఇరవై నిమిషాలు పడుతుంది. ప్రోమెథజిన్ జోడించేది నిద్ర కోసమే కాదు, మెడ, నాలుక మెలితిరిగే దుష్ఫలితం రాకుండా కూడా. ఆ ఇరవై నిమిషాలు గదిలో మాట్లాడుతూ ఉండే మనిషి కావాలి.

#14 పీనల్‌కోడ్

సెన్సార్ గురించి అడుగుతారేమో. 1991 మార్గదర్శకాల్లోనే మానసిక, శారీరక వికలాంగుల్ని హేళన చేసే దృశ్యాలు ఉండకూడదని ఉంది. 2019లో 'మెంటల్ హై క్యా' అనే సినిమా పేరు మీద ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ అభ్యంతరం చెప్పాక అది 'జడ్జ్‌మెంటల్ హై క్యా' అయింది. 2024 జులైలో సుప్రీంకోర్టు నిపుణ్ మల్హోత్రా కేసులో వైకల్యాన్ని అర్థం చేసుకునేలా చేసే హాస్యం వేరు, కించపరిచేది వేరు అని విడదీసింది. హిందీలో 'రాంచీ', 'ఆగ్రా', మనకి 'ఎర్రగడ్డ' తిట్లుగా వాడటానికి ఈ గీత ఎంత పనికొస్తుందో చూడాలి.

#15 కొత్తకలం

అందరికీ కృతజ్ఞతలు. రెండు సందేహాలు మిగిలాయి. తిండి మానేసిన ఆమె సంతకం పెట్టే స్థితిలో లేకపోతే ఎవరు పెడతారు? సీను ఆమె కళ్లలోంచి చూపిస్తే ఎక్కడ ఆగాలి?

#16 పీనల్‌కోడ్

ఆమె ముందే రాసిపెట్టుకున్న ముందస్తు ఆదేశం ఉంటే మొదట అదే చూడాలి. ఈసీటీ వద్దని అందులో ఉంటే దాన్ని పక్కనపెట్టడానికి బోర్డుకి వెళ్లాలి. లేకపోతే నామినేటెడ్ ప్రతినిధి సమ్మతి. ఆమె వేరే ఎవరినైనా నియమించి ఉంటే భర్త కాబట్టి తనంతట తానే ప్రతినిధి అయిపోడు. కాగితం మీద నియమించినవాళ్లే ప్రతినిధి. ఎవరినీ నియమించకపోతే బంధువుని ప్రతినిధిగా తీసుకుంటారు. నిర్ణయం తీసుకునే శక్తి వచ్చిందేమో డాక్టర్లు వారానికోసారి చూడాలి. వచ్చిన రోజు నుంచి సంతకం ఆమెదే.

#17 శారద_వార్డు

కథకి అసలు మలుపు అక్కడే దొరుకుతుంది. మొదటి కాగితం మీద చెల్లెలి సంతకం, అయిదో సిట్టింగ్‌కి ఆమె సంతకం. వద్దని అనడానికీ ఆమెకి అప్పుడు హక్కుంది, డాక్టర్ ఆ మాట ఆమెకి చెప్పాలి.

ఆమె కళ్లలోంచి అయితే: చేతిలో సూది చల్లగా పాకడం, మాస్కు రబ్బరు వాసన, లోతుగా పీల్చమన్న మాట. అక్కడ ఆపండి. తర్వాతి షాట్ రికవరీ గదిలో ఫ్యాన్. మధ్యలో జరిగింది ఆమెకి తెలియదు, ఆ పొద్దున స్నానం చేయించింది ఎవరో కూడా గుర్తుండకపోవచ్చు. బయట బెంచీ మీద ఉన్నవాళ్ల కళ్లలోంచి చూపిస్తే మాత్రం ఆ ఊగే పాదం చాలు.

#18 మత్తుసూది

పట్టీ కట్టేది కుడి కాలికి. కుడి వైపు ఎలక్ట్రోడులు పెట్టినప్పుడు ఫిట్ మెదడు అవతలి సగానికీ పాకిందని ఆ పాదం ఊగితేనే తెలుస్తుంది. షూటింగ్‌లో ఎడమ కాలికి కట్టకండి.